నారింజరంగు సంచులు

కలకత్తా
9 జనవరి 1968

అన్నయ్యకీ వదినకీ హైమ దండాలు.

హౌరాలో దిగేసరికి వదిన కట్టిచ్చిన పులిహోర సగం అయిపోయింది. ఎదుటి సీటు ముసలమ్మ అదేపనిగా మూటవైపు చూస్తుంటే కొంచెం పెట్టాను. తిని, కొంగుతో చెయ్యి తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాచింది. మిగతాది హాస్టల్లో ఎమిలీ తినేసింది. ఎమిలీ నా గదిలో కొత్తగా చేరిన పిల్ల, టెలిఫోన్ ఆఫీసులో పని. మెస్‌లో ఆవపిండి చేప తప్ప మరొకటి వండరు కాబట్టి మా ఇద్దరికీ ఆకలి ఎక్కువ.

నేను లేని పదిరోజుల్లో మా లాబ్‌కి జర్మనీ నుంచి కొత్త మైక్రోస్కోపు వచ్చింది. దానికి పాదరసం దీపం ఉంది. ఇన్నాళ్ళూ చచ్చిన కణాలకి రంగు వేసి చూసేవాళ్ళం. ఇకమీదట బతికున్న కణంలోకే వెలిగే రంగు పంపి, లోపల ఏది ఎక్కడికి కదులుతోందో చూడాలని లాహిరీ సార్ పట్టుదల. ఆ పని నాకు అప్పగించారు. రక్తం నాదే, వేలు గుచ్చుకుంటే చాలు.

కానీ చిక్కొచ్చిపడింది. నా తెల్లకణాలు నాలుగు నిమిషాలకు మించి బతకడం లేదు. సార్ స్వయంగా మూడుసార్లు చూసి తల అడ్డంగా ఊపారు. మార్చి నెలాఖరులోపు బాగుపడకపోతే ఇక చేసేదేమీ లేదన్నారు. దిగులుగా ఉంది. వదినకి చెప్పకు, కంగారు పడుతుంది.

నీ చెల్లెలు
హైమ


నిమ్‌పురా
ఖరగ్‌పూర్
17 జనవరి 1968

చిరంజీవి హైమకు అన్నయ్య ఎర్రయ్య మనసారా దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం శుక్రవారం చేరింది. చాలాసార్లు చదివాను. జవాబు రాయడానికి ఐదు రోజులు పట్టింది, ఏమనుకోకు.

రైలు గార్డు కొండలరావు చేత చోడిపిండి రెండు శేర్లు, ఖర్జూరం, లివరు టానిక్కు సీసా పంపుతున్నాను. టానిక్కు మన ఆస్పత్రి సిస్టరు జ్ఞానరత్నం గారు చెప్పింది. పూటకి రెండు చెంచాలు, మానొద్దు. పళ్ళు తోముకునేటప్పుడు రక్తం వస్తోందా? ఒంటిమీద మచ్చలేమైనా ఉన్నాయా? సాయంకాలం ఒళ్ళు వెచ్చబడుతోందా? దాచకుండా రాయి.

సీసాని గుడ్డలో చుడుతుంటే మీ వదిన చూసేసింది.

“ఎవులికది? పిల్లకి ఏటైనాది?” అంది.

“ఏటీ నేదు. సలికాలం కదా, బలానికి.”

“బలం ఎక్కువైపోయి గుమ్మంలో పట్టట్లేదు ఆ పిల్ల. నిజం సెప్పు.”

నేను సైకిలెక్కి రైల్వే వర్క్‌షాపుకి వెళ్ళిపోయాను.

హైమా, ఒక మాట. అక్కడి పని ఆపేసి ఇంటికి వచ్చెయ్. చదువు ఎక్కడికీ పోదు. కారణం అడగకు.

నీ అన్నయ్య


కలకత్తా
25 జనవరి 1968

అన్నయ్యా,

కొండలరావు గారు మూట తెచ్చి హాస్టల్ గేటు దగ్గర ఇచ్చారు. చోడి అంబలి కాచుకుని తాగాం. ఎమిలీకి మొదట రంగు నచ్చలేదు గాని రెండో గ్లాసు అడిగింది. టానిక్కు మాత్రం గుర్రానికి కూడా పట్టకూడదు.

నాకు జ్వరం లేదు, ఏమీ లేదు. నీ ఉత్తరం తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చి ఎమిలీకి చదివి వినిపించాను. బలానికి టానిక్కు, ఒంటిమీద మచ్చలున్నాయా అనే ప్రశ్న, చదువు మానేసి రమ్మనడం, కారణం చెప్పకపోవడం. అన్నీ విని తను ఒక్కమాటలో తేల్చేసింది, పెళ్ళిచూపులని. నాకూ అలాగే అనిపిస్తోంది. మచ్చల సంగతి పెళ్ళికొడుకు తల్లి కనుక్కోమందా?

వెక్కిరించడం లేదు. ఎవరైనా ఉంటే తిన్నగా చెప్పు. కాదనాలో ఔననాలో నేను ఆలోచించుకుంటాను. కానీ ఇప్పుడు కాదు, మార్చి దాటాలి. నా కణాలు ఇంకా చచ్చిపోతూనే ఉన్నాయి. ఇవాళ మూడు నిమిషాలే.

హైమ


నిమ్‌పురా
31 జనవరి 1968

హైమా,

‘ఇవాళ మూడు నిమిషాలే’ అని అంత తేలిగ్గా ఎలా రాయగలిగావు? నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. కాలికి మేకు దిగినా నవ్వుతూ వచ్చేదానివి.

సంబంధం ఎవరూ చూడలేదు. అలాంటిది ఏమీ లేదు. ఫిబ్రవరి పదకొండు ఆదివారం నేను కలకత్తా వస్తున్నాను. మీ సార్‌తో నేనే మాట్లాడతాను. సామాను సర్దుకుని ఉండు, నాతో తీసుకొచ్చేస్తాను. సెలవు పెట్టేశాను. మీ వదిన కూడా వస్తానంటోంది. ఇంకా ఆమెకి ఏమీ చెప్పలేదు.

అన్నయ్య


కలకత్తా
5 ఫిబ్రవరి 1968

అన్నయ్యా,

రావద్దు.

సామాను సర్దుకోను. సార్‌తో నువ్వు మాట్లాడటానికి నేనేమన్నా బడిపిల్లనా? మా లాబ్‌లో నేనొక్కదాన్నే ఆడపిల్లని. ఇంటి నుంచి ఎవరో వచ్చి చెయ్యిపట్టుకుని లాక్కుపోయారని తెలిస్తే, ఆ మైక్రోస్కోపు ముందు మరో ఆడపిల్లని కూర్చోనివ్వరు.

ఆంధ్రా స్కూల్లో ఉన్నప్పుడు లెక్కల మాస్టారు ‘ఆడపిల్లకి సైన్సెందుకు’ అంటే, నువ్వు షాపు బట్టల్లోనే, నూనె చేతులతోనే వచ్చి ఆయనతో వాదించావు. ఆ అన్నయ్య ఏమైపోయాడు? కారణం చెప్పవు. అడగొద్దంటావు. అమ్మే ఉంటే నాకు ఇలా అడ్డం పడేది కాదు.

హైమ


నిమ్‌పురా
9 ఫిబ్రవరి 1968

చిరంజీవి హైమకు,

రావడం మానుకున్నాను. సెలవు రద్దు చేయించుకున్నాను. ఇవాళ షాపు నుంచి వచ్చి, స్నానం చేసి, ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కోపంతో రాయడం లేదు.

అమ్మ మాట ఎత్తావు కాబట్టి చెప్పాలి. అమ్మ కామెర్లతో పోయిందని నీకు చెప్పాను. అది అబద్ధం.

యాభైలో నీకు ఆరేళ్ళు. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ చలికాలంలో అమ్మకి ముందు చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. తర్వాత చేతుల మీద నీలం మచ్చలు లేచాయి. సాయంకాలమైతే జ్వరం. కుళాయి దగ్గర బిందె ఎత్తలేక అక్కడే కూర్చుండిపోయేది. ‘ఏటీ నేదురా, కాళ్ళు లాగుతున్నాయి’ అనేది. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు రక్తం చూసి, నన్ను వరండాలోకి పిలిచి, తెల్లకణాలు పాడైపోయాయి, మార్చి దాటడం కష్టం అన్నారు. మార్చి పదమూడున అమ్మ పోయింది.

నువ్వు కనిపించిన ప్రతివాళ్ళనీ ‘అమ్మకొచ్చింది నాకూ వస్తాదా?’ అని అడుగుతూ తిరిగేదానివి. పక్కింటి జోగమ్మత్తకి కామెర్లు వచ్చి తగ్గడం నువ్వు చూశావు. అందుకని అమ్మకీ అవే అని చెప్పాను. తగ్గే జబ్బు పేరు చెబితే నీకు భయం పోతుందనుకున్నాను. ఆ రోజు నుంచీ నువ్వు అడగడం మానేశావు.

నీ ఉత్తరంలో తెల్లకణాలు, మార్చి అనే రెండు మాటలు ఒక్కచోట కనిపించాయి. మిగతా ఉత్తరం నా కంటికి ఆనలేదు. ఆ రెండు వాక్యాలే ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళి జ్ఞానరత్నం గారికి చూపించాను. ఆవిడ చదివి, ‘ఎవరికండీ?’ అని అడిగి, కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆవిడ ఎప్పుడూ ఎవరినీ కూర్చోమనరు.

నీకు అడ్డం పడాలని కాదు తల్లీ. నువ్వు అక్కడ ఒంటరిగా ఉండకూడదని. నీకు ఎలా ఉందో నిజం రాయి. ఏదైనా సరే, ఈసారి మనం కలిసే ఉందాం.

ఎర్రయ్య


కలకత్తా
13 ఫిబ్రవరి 1968

అన్నయ్యా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. కొండలరావు గారి చేతికే ఇస్తున్నాను, ఇవాళ సాయంత్రానికి నీకు అందాలి.

నేను బాగున్నాను. ఇది ముందు చదువు. నాకు ఏ జబ్బూ లేదు. నా మాట ఒక్కటే చాలదని నిన్న మా పక్క ఆస్పత్రిలో రక్తపరీక్ష చేయించుకున్నాను. కాగితం దీంతోనే పెట్టాను. జ్ఞానరత్నం గారికి చూపించు, అన్నీ ఎంత ఉండాలో అంతే ఉన్నాయి.

చచ్చిపోతున్నవి నా ఒంట్లో కణాలు కావు. వేలు గుచ్చి తీసిన చుక్కలో, గాజుపలక మీద ఉన్నవి. వాటిని చంపుతున్నది నా రంగూ, నా దీపమూ. మార్చి అన్నది నా ప్రాణానికి కాదు, నా ఫెలోషిప్పుకి. అప్పటికి పని కాకపోతే నన్ను సీసాలు కడిగే గదికి మారుస్తారు. అంతే.

రెండు ముక్కలు సరిగ్గా రాయనందుకు నిన్ను నెలరోజులు ఎంత నరకంలో పెట్టానో! పైగా పెళ్ళికొడుకు తల్లి అని వేళాకోళం చేశాను. అమ్మ మాట ఎత్తాను. ఆ మాట వెనక్కి తీసుకోలేను. నీకు దండం పెట్టి అడుగుతున్నాను, మనసులో పెట్టుకోకు.

అమ్మ సంగతి చదివాక ఎమిలీ భుజం మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. కోపం రాలేదు. ఆరేళ్ళ పిల్ల భయం పోగొట్టడానికి నువ్వు పద్దెనిమిదేళ్ళు ఆ బరువు ఒక్కడివే మోశావు. నేను తెల్లకణాలు చూసే పనిలో చేరుతున్నానని చెప్పిన రోజు నువ్వు ఒక్కమాట కూడా అనలేదు. ‘మంచిది’ అన్నావు. అది నువ్వు ఎలా అనగలిగావు?

ఆదివారం ఇంటికి వస్తున్నాను. వదినకి నేనే చెబుతాను.

నీ
హైమ


నిమ్‌పురా
24 ఫిబ్రవరి 1968

చిరంజీవి హైమకు ఆశీస్సులు.

నువ్వు వచ్చి వెళ్ళాక ఇల్లు తేలికైంది. మీ వదిన మాత్రం నాతో మూడురోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు అన్నం పెడుతూ, “నెల్లాళ్ళు కడుపులో దాసీసినావు. నానేమన్నా పైదాన్నా? ఇద్దరం ఏడిస్తే సగం సగం వొచ్చును కదా” అంది. తప్పు ఒప్పుకున్నాను. నీ రక్తపరీక్ష కాగితం దేవుడి పటం వెనక పెట్టింది. తియ్యనివ్వడం లేదు.

నువ్వు వంటింటి గచ్చు మీద సుద్దతో గీసి చూపించిన కణం బొమ్మ గురించి షాపులో పని చేస్తూ ఆలోచించాను. రంగు పోస్తే కణమంతా పొగమంచులా వెలుగుతోందనీ, లోపలి సంచులు విడిగా కనిపించడం లేదనీ, ఇంకా రంగు పెంచితే ఇంకా త్వరగా చస్తోందనీ అన్నావు. ఆ రోజు మీ వదిన ముందు నోరు విప్పలేకపోయాను. నీ చదువు నాకు తెలియదు, నేను తొమ్మిదో తరగతితో ఆపినవాణ్ణి. అయినా రాస్తున్నాను. పనికిరాకపోతే నవ్వుకో.

మా చక్రాల షాపులో ఇరుసుల పగుళ్ళు చూడటానికి మొదట సుత్తితో కొట్టి మోత వినేవాళ్ళం. ఆరేళ్ళ కిందట వెలిగే రంగు వచ్చింది. పసుపుపచ్చ రంగు కలిపిన నూనె ఇరుసుకి రాస్తాం. పగులుంటే నూనె అందులోకి దిగుతుంది. పైన తుడిచేసి, చీకటిగదిలో, కంటికి సరిగ్గా కనపడని వెలుగిచ్చే నల్లలైటు కింద పెడితే పగులు ఒక్కటే గీతలా వెలుగుతుంది. వెంట్రుకంత పగులైనా సరే.

మొదటి రోజుల్లో నేను రంగు బాగా పట్టించాను. ఎంత రాస్తే అంత బాగా కనపడుతుందనుకున్నాను. ఇరుసు ఈ చివర నుంచి ఆ చివరికి వెలిగిపోయింది. పగులూ వెలుగే, మంచి ఇనుమూ వెలుగే. అప్పుడు తెలిసింది. రంగు పలచగా ఉండాలి. అది దిగాల్సిన చోటికి దిగేదాకా దీపం వెయ్యకుండా ఆగాలి. మిగిలింది శుభ్రంగా కడిగెయ్యాలి. ఆ తర్వాతే దీపం. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఇదే చెబుతాను, ప్రతివాడూ ముందు ఎక్కువే రాస్తాడు.

నీ కణం ఇనుము కాదు, ప్రాణమున్నది. నాకు తెలియని సంగతులు నూరు ఉంటాయి. చూసి చెయ్యి.

అన్నయ్య


కలకత్తా
16 మార్చి 1968

అన్నయ్యా, అన్నయ్యా,

ముందు అసలు సంగతి. నలభై నిమిషాలు! నా కణం నలభై నిమిషాలు బతికింది.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే రంగుని వంద రెట్లు పలచన చేశాను. నా పక్కన పనిచేసే బిమల్‌దా చూసి, ‘అది రంగా, గంగాజలమా?’ అన్నాడు. పావుగంట చీకట్లో ఉంచాను. ఉప్పునీళ్ళతో మూడుసార్లు కడిగాను. అప్పుడు దీపం, అదీ మధ్యమధ్య మూసేస్తూ. ఒక్కసారిగా కుదరలేదు. రెండువారాలు పట్టింది. ఒకసారి మరీ పలచనై ఏమీ కనిపించలేదు, ఒకసారి కడగడంలో కణాలే కొట్టుకుపోయాయి. నిన్న మధ్యాహ్నం కుదిరింది.

ఎలా చెప్పను? చుట్టూ నల్లగా ఉంది. మధ్యలో కణం. దాని నడిమి గుండ్రం లేత ఆకుపచ్చగా, చుట్టూ చిన్నచిన్న నారింజరంగు చుక్కలు. ఆ చుక్కలే నేను చెప్పిన సంచులు. కణం తిన్నదాన్ని అరిగించే రసం వాటిలో ఉంటుంది. కణం పక్కన ఉడకబెట్టిన ఈస్టు రేణువు ఒకటి పడేశాను. కణం మెల్లగా దానివైపు వంగి, చుట్టుకుని, మింగేసింది. అప్పుడు ఆ నారింజ చుక్కలు ఎక్కడివి అక్కడి నుంచి బయల్దేరాయి. ఒకటి వెనక ఒకటి. దారి తెలిసినట్టే వెళ్ళి ఆ రేణువుని అంటుకుని అందులో కలిసిపోయాయి. చచ్చిన కణంలో ఇది ఎన్నేళ్ళు చూసినా తెలియదు.

సార్‌ని పిలిచాను. ఆయన చూసి ‘బాహ్!’ అని, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. మేడ మీద ఉన్నవాళ్ళందర్నీ పిలిచారు. నా ఫెలోషిప్పు ఇంకా రెండేళ్ళు. సీసాల గది లేదు.

‘ఈ పలచన చేసే ఆలోచన నీకెలా వచ్చింది హైమొబొతీ?’ అని బెంగాలీ యాసలో అడిగారు. ‘ఖరగ్‌పూర్ నుంచి ఎర్రయ్య గారు రాశారండి’ అన్నాను. ఇంకా చెప్పేలోపు ఫోను మోగింది. ఆయన ఏదో కాగితం మీద నీ పేరు రాసుకుని వెళ్ళిపోయారు.

నీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నువ్వు లేకపోతే నాకు స్కూలు లేదు, కాలేజీ లేదు. ఇప్పుడు ఇది కూడా నీదే. వదినకి ముద్దులు.

హైమ


నిమ్‌పురా
4 ఏప్రిల్ 1968

చిరంజీవి హైమకు,

నీ ఉత్తరం చదివి మీ వదిన వీధి వీధంతా బెల్లం పంచింది. ఎందుకని అడిగినవాళ్ళకి ‘మా పిల్ల కణం బతికినాది’ అని చెప్పింది. పక్కింటి సింహాచలమ్మ గారు ఏ పిల్లో, ఏమి బతికిందో అర్థంకాక నీకు పెళ్ళి కుదిరిందనుకుని దీవించి వెళ్ళారు.

కానీ నీకు వేరే సంగతి రాయాలి. మొన్న నాకు ఇంగ్లీషులో టైపు కొట్టిన ఉత్తరం వచ్చింది. పైన మీ లాబ్ ముద్ర. అది ముందు మా ఊరి ఇంజనీరింగు కాలేజీకి వెళ్ళి, అక్కడ నాలుగు డిపార్ట్‌మెంట్లు తిరిగి, ఎవరో ‘రైల్వేలో చూడండి’ అని రాస్తే మా ఆఫీసుకి చేరింది. ఆఫీసువాళ్ళు కబురుపెడితే చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తాను. షాపు పద్ధతులు బయట చెప్పానని ఎవరైనా ఫిర్యాదు చేశారేమో అనుకున్నాను.

టైపిస్టు ఆలిస్ గారు చదివి వినిపించారు. ‘ప్రొఫెసర్ ఎర్రయ్య గారికి’ అని మొదలు. నా సలహాకి ధన్యవాదాలట. అచ్చయ్యే పరిశోధన పేపర్లో కృతజ్ఞతలు చెప్పడానికి నా పూర్తి హోదా, నా డిపార్ట్‌మెంటు పేరు కావాలట. వీలుచూసుకుని లాబ్‌కి దయచెయ్యాలట. ఆవిడ చదవడం ఆపి నా చేతుల వైపు చూశారు. గ్రీజు ఉంది. ఇద్దరం నవ్వాం. ఇప్పుడు షాపంతా నన్ను ప్రొఫెసర్ దాదా అంటోంది.

నవ్వు సరే. మీ సార్ ఎవరో పెద్ద చదువులవాడనుకుని నా మాటకి విలువిచ్చారు. నేను ఇరుసులు చూసేవాడినని తెలిస్తే నీ పనికి మాట వస్తుందేమో. నా పేరు తీసెయ్యమని చెప్పు. నాకేమీ లోటు లేదు.

అన్నయ్య


కలకత్తా
9 ఏప్రిల్ 1968

అన్నయ్యా,

నీ ఉత్తరం పట్టుకుని తిన్నగా సార్ గదికి వెళ్ళాను. ‘సార్, ఎర్రయ్య గారు ప్రొఫెసర్ కాదు. మా అన్నయ్య. రైల్వే వర్క్‌షాపులో ఇరుసుల పగుళ్ళు చూస్తారు. తొమ్మిదో తరగతి చదివారు. పేరు తీసెయ్యమన్నారు’ అని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను.

ఆయన బల్ల మీది పేపరు ప్రతిని ముందుకు లాక్కున్నారు. భయపడ్డాను. తర్వాత, ‘నేను ప్రతినెలా హౌరా నుంచి ఆ లైను మీదే మా అమ్మని చూడటానికి వెళ్తాను. ఆ ఇరుసులు చూసేది ఆయనేనా?’ అన్నారు. ఔనన్నాను. ‘అయితే నేను ఆయనకి చెప్పాల్సిన కృతజ్ఞత ఒకటి కాదు’ అని కలం తీసుకుని, ప్రొఫెసర్ అన్నది కొట్టేసి, నీ పేరు కింద ‘చక్రాల షాపు, ఖరగ్‌పూర్’ అని తన చేత్తో రాశారు. పేపర్లో అలాగే అచ్చవుతుంది.

ఇరవై ఒకటి ఆదివారం. మైక్రోస్కోపు ఆ పూటంతా మనదే. ఈసారి నేను పిలుస్తున్నాను, రా.

హైమ


నిమ్‌పురా
23 ఏప్రిల్ 1968

నా తల్లి హైమకు,

క్షేమంగా చేరాను. రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది.

మీ సార్ గుమ్మం దాకా వచ్చి ‘ఆసున్, ఆసున్’ అని లోపలికి రమ్మంటూ రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయనకి నమస్కారం కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. నువ్వు నా తరఫున చెప్పు. నా వేలు గుచ్చి చుక్క తీసి నువ్వు చేసిన పని మొత్తం చూశాను. తొందరపడలేదు. ఆగావు, కడిగావు, మళ్ళీ ఆగావు. నీ చెయ్యి మంచి పనివాడి చెయ్యి.

మైక్రోస్కోపులో ముందు నాకు నా కనురెప్పలే కనిపించాయి. తర్వాత ఆకుపచ్చ కనిపించింది. తర్వాత ఆ నారింజ చుక్కలు కదిలాయి. నేను మధ్యలో లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. నువ్వు వెనకే వచ్చి దీపం వల్ల కళ్ళు మండాయా అని అడిగి, నీళ్ళు తెచ్చి మొహం కడిగించావు. ఔనన్నాను. కళ్ళు మండలేదు హైమా. ఇంకెప్పుడూ నీ దగ్గర ఏదీ దాచకూడదనుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

యాభైలో అమ్మ రక్తం చూసిన డాక్టరు మంచివాడు. వరండాలో ఆ మాట చెప్పాక, ‘లోపలికి రా, మైక్రోస్కోపులో చూపిస్తాను. చూస్తే నీకు అర్థమవుతుంది’ అన్నాడు. నేను వెళ్ళలేదు. గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఆయన రెండోసారి కూడా పిలిచాడు. చూస్తే నిజమైపోతుందని భయం. మనిషి లోపల అంటే నాకు ఆ రోజు నుంచీ ఒక చీకటిగది. అందులో ఏదో పాడైపోతూ ఉంటుంది, మనకి తెలియదు, అంతే అనుకుని బతికాను. నీ చదువు సంగతులు నువ్వు చెబుతుంటే తల ఊపేవాణ్ణి గాని వినేవాణ్ణి కాదు. నీ మొదటి ఉత్తరం సరిగ్గా చదవలేకపోయిందీ అందుకే. తప్పు నీది కాదు.

మొన్న నువ్వు కుర్చీ జరిపి ‘చూడన్నయ్యా’ అన్నప్పుడు కూడా నా కాళ్ళు వెనక్కే లాగాయి. నువ్వు పక్కన ఉన్నావు కాబట్టి చూశాను. నేనెవరో దానికి తెలియదు, నేను చెప్పకుండానే, నేను నిద్రపోయినా లేచినా, ఆ చుక్క ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్తోంది. నలభైరెండేళ్ళుగా నా లోపల ఇంత పని జరుగుతూనే ఉందా అనిపించింది. అమ్మలో కూడా, చివరి నెలల దాకా, ఇలాగే జరిగి ఉంటుంది కదా. ఇంతకాలం పాడైన దాన్ని గురించే తలుచుకున్నాను. ఆవిడ యాభై ఏళ్ళు బాగా బతికింది, మనిద్దర్నీ కన్నది, ఆ సంగతే మర్చిపోయాను. అది నాకు గుర్తుచేసినందుకు నీకు కృతజ్ఞుణ్ణి. అన్నయ్య చెల్లెలికి ఇలా రాయొచ్చో లేదో తెలియదు. రాసేశాను.

ఇంటికి రాగానే మీ వదిన గుమ్మంలోనే నిలబెట్టేసింది.

“ఏటి సూసినావు?”

“మన లోపల కూడా షిఫ్టు నడస్తన్నాది” అన్నాను.

“ఎవులు నడుపుతున్నారు?”

“ఎవులూ నేరు. దానికదే.”

నా వేలు పట్టుకుని సూది గుచ్చిన చోటు తిప్పి తిప్పి చూసింది.

“నీది సూసినావు సరే. నాది ఎప్పుడు సూపిస్తాది పిల్ల?”

వచ్చే ఆదివారం తీసుకొస్తున్నాను. సూది అంటే ఆవిడకి చచ్చే భయం. నెమ్మదిగా గుచ్చు.

అన్నయ్య
ఎర్రయ్య